నమ్మనివాడి చేతి తాళం

మా కూర్మనాథం మావకి పాము మీద ఉన్న నమ్మకం కూడా మనుషుల మీద ఉండేది కాదు. పాము కనీసం బుస కొట్టి మరీ కరుస్తుంది కదా అనేవాడు. జీడిపిక్కలు కొనడానికి పలాస వ్యాపారి వచ్చి కాటా దించితే, మావ ఇంట్లోంచి తన రాయి ఒకటి మోసుకొచ్చి ముందు దాన్ని తూచమనేవాడు. ఆ రాయి బరువు ఆయనకి తెలుసు. కాటా సరిగ్గా చూపిస్తేనే బేరం. వ్యాపారికి ఒళ్ళు మండేది, మాకు నవ్వొచ్చేది.

కరోనా టీకాలు వేయడానికి నర్సమ్మ మా ఊరికి వచ్చినప్పుడు కూడా అంతే. ముందు ఊరి మోతుబరి పాపారావు గారికి వేయనిచ్చాడు. ఆ తర్వాత ఆయన ఎదురుగా అరుగు మీద కూర్చుని, కన్నార్పకుండా ఆయన మొహమే చూస్తున్నాడు.

"ఏటి మావా, అలగ సూత్తన్నావు?" అన్నాను.

"పడిపోతాడేమో అని" అన్నాడు.

పాపారావు పడలేదు. లేచి పంచె దులుపుకుని, మావ వంక గుర్రుగా చూసి ఇంటికి పోయాడు. అప్పుడు మావ చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

అలాగని ఆయన్ని పిచ్చివాడనడానికి వీల్లేదు. ఉద్దానంలో పుట్టినవాడికి అనుమానం ఉగ్గుపాలతోనే వస్తుంది. తాగే నీళ్ళనే నమ్మలేని ఊళ్ళు మావి. కిడ్నీలు పాడై మనుషులు మంచం పడుతుంటే, నీళ్ళ వల్లా, మట్టి వల్లా, ఎండలో పని వల్లా అని పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి సీసాల్లో రక్తం పట్టుకుపోయారు గానీ, ఇదీ కారణం అని గట్టిగా చెప్పిన మనిషిని నేనింకా చూడలేదు. బొగ్గుతో కరెంటు తీస్తామని వచ్చినవాళ్ళు కూడా మొదట్లో "ఊరికే కొలతలు తీసుకుంటున్నాం" అనే అన్నారు. ఆ కొలతలు పోలీసు కాల్పుల దాకా ఎలా పోయాయో ఈ తీరంలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. కాబట్టి మావ అనుమానం ఊరి అనుమానమే. కాకపోతే మాకు పావు శేరు ఉంటే ఆయనకి బస్తాడు ఉండేది.

ఆ బస్తా బరువు ఒకసారి ఆయన మీదే పడింది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మావ భార్య రత్నాలత్తకి కిడ్నీలు పోయాయి. డయాలసిస్ కోసం పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. ఆటోలు ఆగిపోయాయి. ఎలాగో కబురందుకుని ఒక అంబులెన్సు అత్త కోసం మా వీధిలోకి వచ్చింది. దిగినవాళ్ళు తల నుంచి కాలి దాకా తెల్ల తొడుగుల్లో ఉన్నారు, కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ బండెక్కితే క్వారంటైనుకే పోవడం, పోయినవాళ్ళు మళ్ళీ రాకపోవడం అని అప్పటికే ఊరంతా పుకారు. మావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "మీరెవరో నాకు తెల్దు. నా పెళ్ళాన్ని నానే తీసుకెల్తాను" అన్నాడు. వాళ్ళు చెప్పి చూశారు, బతిమాలారు, చివరికి వెళ్ళిపోయారు. మావకి ఆటో దొరికేసరికి అత్త ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరి అందడం లేదు. పలాస చేరకుండానే పోయింది.

ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ అనలేదు. కూతురు ఉమ కూడా ఎప్పుడూ అడగలేదు.

కరోనా సద్దుమణిగి పలాసలో జీడి ఫ్యాక్టరీలు తెరిచాక ఉమ మళ్ళీ పప్పు పొట్టు తీసే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు కాబట్టి ఆ పిల్ల తండ్రి దగ్గరే ఉంటుంది. ఒకసారి కాళ్ళు పొంగితే రక్తపరీక్ష చేయించుకుంది. తల్లికి వచ్చిందే ఈమెకీ మొదలైందన్నారు. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు, మంచి నీళ్ళు తాగు, ఒళ్ళు నొప్పులకి దొరికిన బిళ్ళల్లా మింగకు, తప్పకుండా చూపించుకుంటూ ఉండు అని డాక్టరు చెప్పాడు. తండ్రీ కూతుళ్ళు ఈ మాట గడప దాటనివ్వలేదు. ఫ్యాక్టరీలో తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. ఎదురింటి వాణ్ణి, ఉమకి వరసకి బావని, నాకే చాలాకాలం తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరికి నీళ్ళ ప్లాంటు వచ్చింది. విశాఖపట్నం నుంచి ఏదో సంస్థ వాళ్ళు, కాస్త గాలి వీస్తే కరెంటు పోయే ఊళ్ళని ఏరి, ఎండతో నడిచే ప్లాంట్లు పెడుతున్నారు. నా టీ దుకాణం పక్కనున్న ఖాళీ జాగాలో షెడ్డు వేశారు. బోరు, నీళ్ళు శుభ్రం చేసే మిషను, పెద్ద ట్యాంకు, వాటి వెనకాల నేల మీదే ఇనుప కాళ్ళ మీద ఏటవాలుగా సోలార్ పలకలు, చుట్టూ ముళ్ళకంచె, కంచెకి తాళం. ప్రారంభం రోజున ఒక పెద్దాయన మైకు పట్టుకుని, దేశం కరోనా దెబ్బ నుంచి లేచి నిలబడుతోందని, ఇక బొగ్గుకి కాలం చెల్లిందని, ఈ తీరంలో ఎండా గాలే రేపటి బంగారమని చాలాసేపు చెప్పాడు. చివర్లో ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నాడు.

మావ లేచాడు. "బాబూ, ఎండకి బిల్లు ఎప్పట్నించి పంపుతారు?"

జనం గొల్లుమన్నారు. పెద్దాయన కూడా నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. చెప్పలేదు చూశావా అని మావ నా డొక్కలో పొడిచాడు.

తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర తగాదా మొదలైంది. పాపారావు గారికి భూములున్నాయి, జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉంది, పార్టీలో పరపతి ఉంది. తన దగ్గరే ఉండాలని ఆయన లెక్క. ఆయన దగ్గరుంటే ఆయన వీధికే నీళ్ళని అవతలి వీధి వాళ్ళు. అటూ ఇటూ అరుపులు పెరిగిపోతుంటే నాకు చిర్రెత్తుకొచ్చి, "ఎవడ్నీ నమ్మనోడి దగ్గిర పెట్టండి, గొడవొదిలిపోద్ది" అన్నాను. ఎకసెక్కానికి అన్న మాట. ఊరు నిజంగానే పట్టుకుంది. అలా తాళంచెవి కూర్మనాథం మావ మొలతాడుకి చేరింది.

ప్లాంటు బాగోగులు చూసే కుర్రాడు అజయ్‌ది టెక్కలి. ఇచ్ఛాపురం దాకా ఎన్ని ఊళ్ళకి ప్లాంట్లున్నాయో అన్నిటికీ వాడొక్కడే. పసుపురంగు మెత్తటి గుడ్డ ఒకటి మావ చేతిలో పెట్టి ఎలా తుడవాలో చూపించాడు. "వారానికోపాలి మంచి నీల్లు పోసి, దీంతో మెల్లిగా తుడవండి తాతా. మరేటీ వొద్దు. గట్టిగా రుద్దొద్దు" అన్నాడు.

బండి మలుపు తిరిగిందో లేదో మావ నా దుకాణానికి వచ్చేశాడు.

"ఇన్నావేట్రా బాలకృష్ణా? గుడ్డతో నిమరాలంట. అదేటి, పసిపిల్లేటి నిమరడానికి? అలగ నిమిరితే మురికి పేరుకుపోద్ది. పలకలు సచ్చిపోతాయి. అప్పుడొచ్చి కొత్తవి అంటగడతాడు. అదీ ఆడి ఎత్తు."

ఆ గుడ్డని షెడ్డులో మేకుకి తగిలించేశాడు. మర్నాడు పొద్దున నేను పొయ్యి వెలిగించేసరికే మావ కంచె లోపల ఉన్నాడు. చేతిలో కొబ్బరి పీచు, పక్కన చిప్పలో పొయ్యి బూడిద, అందులో కలిపిన సముద్రపు ఇసుక. రత్నాలత్త ఇత్తడి బిందెలు తోమేది సరిగ్గా అలాగే. ఆవిడ బిందెలంటే ఊళ్ళో పేరు, వాటిలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చనేవారు. మావ పలకల మీద వంగి, నీళ్ళు చల్లి, గుండ్రంగా, ఓపిగ్గా, మోచేతి బలం అంతా పెట్టి తోముతున్నాడు.

"మీ అత్త సూత్తే మెచ్చుకునీది" అన్నాడు నన్ను చూసి.

నిజమే అనిపించింది. ఓ గ్లాసు టీ ఇచ్చాను, డబ్బులు అడగలేదు. అప్పటి నుంచీ రోజూ అదే పని. కోడి కూసినా కూయకపోయినా మావ పీచు చప్పుడు మాత్రం వినబడేది.

మొదట్లో ప్లాంటు దర్జాగా నడిచింది. మధ్యాహ్నానికల్లా ట్యాంకు నిండి పొర్లేది. రెండు వీధుల ఆడవాళ్ళూ బిందెలు పట్టుకుపోయేవాళ్ళు. ఉమ మొహం తేరుకుంది. పరీక్షకి వెళితే రోగం ముందుకి పోలేదన్నారట. మావ ఆ రోజు నా దుకాణంలో ఉన్నవాళ్ళందరికీ టీ ఇప్పించాడు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. ఆయన ఊరికే టీ ఇప్పించడం ఏమిటా అని మేమందరం ఆ టీని అనుమానిస్తూనే తాగాం.

తర్వాత వానాకాలం వెళ్ళి, ఆకాశం కడిగినట్టున్న రోజుల్లో ట్యాంకు నిండటం మానేసింది. ఎండ పెళపెళలాడుతూనే ఉంది, మోటారు మాత్రం ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. సాయంత్రానికి ట్యాంకులో సగం కూడా ఉండేవి కావు. ఆడవాళ్ళ మధ్య బిందెల తగవులు మొదలయ్యాయి.

మావ అనుమానం ముందు నా మీదికే వచ్చింది.

"నీ కొబ్బరిసెట్టు నా ఎండ తినేత్తంది" అన్నాడు కత్తి పట్టుకొచ్చి.

ఎండకి కూడా వాటాలేంటని నేను కేకలేశాను. అయినా పోరు పడలేక మట్టలు కొట్టించాను. తిత్లీ తుఫానుకి తోటంతా కూలిపోగా మిగిలిన చెట్టది. దాన్ని బోడిగుండు చేశాక కూడా ట్యాంకు నిండలేదు.

అజయ్‌కి ఫోన్ చేస్తే, "పలకలు శుభ్రంగా ఉన్నాయా తాతా?" అని అడిగాడు. "రోజూ సేత్తన్నాను" అని మావ కోప్పడ్డాడు. వారానికోసారి చాలని చెప్పినా రోజూ చేస్తున్నాడంటే ఇంకేం కావాలనుకున్నాడో ఏమో, వైర్లు చూడాలి, వస్తాను అన్నాడు. రాలేదు. వాడికెన్ని ఊళ్ళో.

ఈలోగా మావకి ఇంకోటి కనబడింది. తడిగా ఉన్నంతసేపూ పలకలు నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఆరాక తెల్లటి మసక తేలుతోంది. అది పాపారావు బట్టీ పొగ అని తేల్చేశాడు. జీడిపిక్కలు కాల్చిన పొగ జిడ్డు, ఎక్కడ పడితే అక్కడ పట్టేస్తుంది, ఆ మాట అబద్ధం కాదు. మావ నేరుగా పాపారావు గుమ్మంలోకి వెళ్ళి, "తాళం నీకివ్వనేదని ఊరి నీల్ల మీద పొగ ఒగ్గుతావేటి?" అని నలుగురి ముందూ అడిగేశాడు. వచ్చి, పలకల్ని మరింత గట్టిగా తోమాడు.

పాపారావు ఊరుకునే మనిషి కాదు. అరుగు మీద కూర్చుని పడిపోతాడేమోనని చూసిన దగ్గర్నుంచీ ఆయనకి మావ మీద కక్ష ఉంది. ట్యాంకు ఎందుకు నిండటం లేదో తనకి తెలుసని మొదలుపెట్టాడు. రొయ్యల చెరువుల దగ్గర పనివాళ్ళకి మంచినీళ్ళు కావాలి, తాళం ఒక్కడి దగ్గరే ఉంది, తెల్లారకుండా లోపల ఆ చప్పుళ్ళేమిటి, ఆలోచించుకోండి అన్నాడు. ఊరు ఆలోచించుకుంది. మా ఊరికి ఆ విషయంలో బద్ధకం లేదు.

దానికి తోడు మావ సైకిలుకి నీళ్ళ క్యాన్లు కనబడ్డాయి. గోనెసంచి కప్పి, మధ్యాహ్నం జనం కునుకు తీసే వేళ, కవిటి రోడ్డు మీద. ఆ క్యాన్లు ఎక్కడికని అడిగితే పెడల్ ఇంకా గట్టిగా తొక్కుకుంటూ పోయాడు. నేను కూడా అనుమానపడ్డాను, దాచుకోవడం దేనికి? బోడిగుండు కొబ్బరిచెట్టు కనబడినప్పుడల్లా నా అనుమానం ఇంకాస్త పెరిగేది.

నిజం వేరు. ఆ క్యాన్లు ఊళ్ళోంచి పోవడం లేదు, ఊళ్ళోకి వస్తున్నాయి. తాళం తన తండ్రి దగ్గరుంది కాబట్టి ముందు నిలబడితే మాటొస్తుందని ఉమ వరసలో అందరికన్నా వెనక నిలబడేది. ఆమె దాకా వచ్చేసరికి కుళాయి గాలి ఊదేది. ఖాళీ బిందెతో ఇంటికి పోయి పాత బోరు నీళ్ళే తాగేది. అది చూశాక మావకి అన్నం సయించలేదు. కవిటిలో నీళ్ళు కొని తెస్తున్నాడు. ఎవరికని చెబితే ఉమ రోగం బయటపడుతుంది. అందుకని దొంగ అనిపించుకోవడానికే ఒప్పుకున్నాడు.

చివరికి పాపారావు ఊరందరినీ ప్లాంటు దగ్గరికి పిలిచాడు. అజయ్‌కి కూడా ఫోన్ మీద ఫోన్ చేసి రప్పించాడు. మావ మొలతాడుకున్న తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని కంచెకి ఆనుకుని నిలబడ్డాడు. అజయ్ లోపల మీటర్లు చూసుకుంటున్నాడు.

"ఆ క్యాన్లు ఎవరికి బావా? అదొక్కటి సెప్పు, ఎల్లిపోతాం" అన్నాడు పాపారావు.

మావ కంచెకి ఇంకాస్త ఆనుకున్నాడు.

"సెప్పవేం? రొయ్యలోల్లు ఎంతిత్తన్నారు?"

"నాకు" అంది ఉమ వెనక నుంచి. అందరం తిరిగి చూశాం. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ముందుకు వచ్చింది. "ఆ నీల్లు నాకు. అమ్మకొచ్చిన జబ్బే నాకొచ్చింది. నాన్న నాకోసం కొని తెత్తన్నాడు. ఫేట్రీలో సెప్పుకుంటే సెప్పుకోండి."

పాపారావు కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన తమ్ముడు కూడా ఆ జబ్బుతోనే పోయాడు. నాకు నా మీద అసహ్యం వేసింది.

అప్పుడు అజయ్ షెడ్డులోంచి వచ్చి పలకల దగ్గరికి వెళ్ళాడు. ఒక పలక మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా కిందికి లాగాడు. ఆగాడు. వంగి పక్క నుంచి చూశాడు. కంచె మూల ఆరబెట్టిన పీచుని, చిప్పలో బూడిదని చూశాడు. మేకుకి మడత నలగకుండా వేలాడుతున్న పసుపు గుడ్డని చూశాడు. వాడి మొహంలో రంగు మారడం నేను గమనించాను. మా వైపు తిరిగి, "పలకలే నాసిరకంవి. సముద్రం గాలికి పాడైపోయాయి. మా వాల్లకి సెప్పి మార్పించేత్తాను. ఇందులో ఎవుల తప్పూ నేదు" అన్నాడు.

జనం ఊపిరి పీల్చుకున్నారు. పదండి పదండి అని కదిలారు. అక్కడితో అయిపోవలసిందే. కానీ అక్కడ ఉన్నది కూర్మనాథం మావ.

"అబద్ధం" అన్నాడు.

అజయ్ తల దించుకున్నాడు.

"నువ్వు అబద్ధమాడతన్నావు. కంపెనీ సరుకుని కంపెనీవోడు నాసిరకం అంటాడేటి? ఎవుడ్నో దాత్తన్నావు. ఎవుడాడు? సెప్పు."

"తాతా, ఒగ్గేయండి. మార్పిత్తానన్నాను కదా."

"నా కూతురు బోరు నీల్లు తాగింది. ఎవుడి వల్ల తాగిందో నాకు తెలియాల!" అని వాడి చొక్కా పట్టుకున్నాడు.

అజయ్ ఆ చేతిని విడిపించుకోలేదు. అలాగే దాన్ని పట్టుకుని మావని పలకల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇనుప కాళ్ళ మీద ఎక్కించి, పై అంచు చూపించాడు. కింద నిలబడిన మనిషి చెయ్యి అందని చోటది. అక్కడ పలక కొత్తదానిలా నల్లగా, నీలంగా మెరుస్తోంది. దాని కింద, చెయ్యి అందినంత మేరా, గుండ్రటి గీతలు. తెల్లగా, ఒకదాని మీద ఒకటి.

"అద్దం మీద సన్నటి పూత ఉంటాది తాతా. అద్దం గీసుకుపోతే ఎండ లోపలికి దిగదు" అన్నాడు అజయ్, ఒక్క మావకే వినబడాలన్నట్టు. అందరికీ వినబడింది.

మావ ఆ గీతల మీద వేలు పెట్టాడు. గుండ్రంగా తిప్పాడు. వేలు సరిగ్గా గీత వెంటే తిరిగింది. తర్వాత దిగి, నేల మీద కూలబడి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు.

"అప్పుడు ఆ అంబులెన్సోల్లని నమ్మనేదు" అన్నాడు. రత్నాలత్త పోయాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. "ఇప్పుడీ అజయ్ గుంటడ్ని నమ్మనేదు. ఊరంతట్నీ కాపలా కాసినాను. ఎవుడ్నీ నమ్మనేదురా బాలకృష్ణా. నన్నొక్కడ్నే నమ్మీసినాను."

ఆ ముసలాయన ఏడవడం నేను అత్త పోయినప్పుడు కూడా చూడలేదు. పాపారావు వచ్చి భుజం మీద చెయ్యి వేయబోయి, ఎలా వేయాలో తెలియక, పక్కన చతికిలబడ్డాడు.

ఉమ బిందె కింద పెట్టింది. "నాన్నా, తాళం ఇయ్యి" అంది. మావ మొలతాడు విప్పబోతే ముడి రాలేదు. ఆమే వంగి విప్పుకుంది. షెడ్డులోకి వెళ్ళి, మేకుకున్న పసుపు గుడ్డ తీసి, నీళ్ళలో ముంచి, పిండి, తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"ఎండున్నంతసేపు వొచ్చినన్ని నీల్లే వొత్తాయి. ముందు జబ్బోల్లకి ఇద్దాం. నెగు" అంది, లేవమని చెయ్యి చాపి.

"నా సెయ్యి మంచిది కాదమ్మా. వొద్దు" అన్నాడు మావ.

"అమ్మ గురించి నిన్నెప్పుడూ అడగనేదు నాన్నా. ఇప్పుడూ అడగను. నువ్వు తుడు. నాను పక్కనుండి సూత్తాను."

మావ లేచాడు. గుడ్డని పలక మీద ఆనించి, గట్టిగా నొక్కితే విరిగిపోతుందేమో అన్నంత భయంగా లాగాడు. ఉమ చేతులు కట్టుకుని, కన్నార్పకుండా, ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"మెల్లిగా" అంది.